పెద్ద గాంధీబొమ్మా, చిన్న గాంధీబొమ్మా? ఒక మెయిన్ రోడ్డు జ్ఞాపకాలు

ఈ ఎపిసోడ్ మామిడిపండ్ల గురించి అనుకుని క్లిక్ చేసినవాళ్లకి ముందే సారీ. తంబ్‌నెయిల్‌లో చిన్నరసం పెట్టింది నేనే, తప్పు నాదే. పండ్లు వస్తాయి, మధ్యలో వస్తాయి. కానీ ఇవాళ్టి సంగతి ఒక రోడ్డు గురించి. "నూజివీడు దాకా వెళ్లి రోడ్డు గురించి వీడియో ఏంట్రా, రసాలు తెచ్చావా లేదా" అని మా అమ్మ కూడా అడిగింది. తెచ్చాను.

మే నెల. ఎండ మామూలుగా లేదు. హనుమాన్ జంక్షన్‌లో దిగి నూజివీడు బస్సెక్కాను. ఆ జంక్షన్ పేరు గమనించారా? నాలుగు రోడ్లు కలిసే చోట ఒక ఆంజనేయస్వామి గుడి, దాని మీద ఒక ఊరికి ఊరే పేరు. రోజూ వేలమంది ఆ పేరు చెప్పి టికెట్ తీసుకుంటారు, ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు, నూజివీడులో ఆటో ఎక్కేదాకా.

ఆటో అన్నకి ఫోన్‌లో పిన్ చూపించాను. ఆయన స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు. "పెద్ద గాంధీబొమ్మా, చిన్న గాంధీబొమ్మా?" అన్నాడు.

నూజివీడులో ఆ రెండు సెంటర్లూ ఉన్నాయి. పెద్ద గాంధీబొమ్మ సెంటర్, చిన్న గాంధీబొమ్మ సెంటర్. పేపర్లో ధర్నా వార్త వచ్చినా, దుకాణం అడ్రస్ రాసినా, పెళ్లి శుభలేఖలో దారి చెప్పినా ఈ పేర్లే. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, లొకేషన్ డేటాతోనే పని. అక్షాంశం, రేఖాంశం, ఆరు డెసిమల్ పాయింట్లు. ఈ ఊరు మాత్రం రెండు విగ్రహాలతో ఆ పని కానిచ్చేసింది, నెట్‌వర్క్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఊరు గుర్తు తెచ్చుకోండి. ఏదో ఒక బొమ్మ సెంటర్ ఉంటుంది. గాంధీబొమ్మ, అంబేడ్కర్ బొమ్మ, పొట్టి శ్రీరాములు బొమ్మ, ఎన్టీఆర్ బొమ్మ, వైఎస్ బొమ్మ. మనం విగ్రహం అనం, బొమ్మ అంటాం. నాకిది చాలా ఇష్టం. విగ్రహం అంటే దణ్ణం పెట్టాలి. బొమ్మ అంటే దాని కింద పునుగులు తినొచ్చు, ఫ్రెండ్ కోసం ఎదురుచూడొచ్చు.

పబ్లిక్ ఆర్ట్ అనగానే ఇన్‌స్టాలో కనిపించే రంగురంగుల గోడలు, బెర్లిన్, ఢిల్లీ లోధీ కాలనీ గుర్తొస్తాయి. కానీ మన మెయిన్ రోడ్ల మీద పబ్లిక్ ఆర్ట్ ఎప్పట్నించో ఉంది. ఒకటి బొమ్మలు. రెండోది మనం అసలు ఆర్ట్ అని లెక్కేయనిది, దుకాణాల మీద చేత్తో రాసిన బోర్డులు.

ముందు ఊరి గురించి కాస్త. నువ్వుచేల మధ్య వెలిసిన వీడు కాబట్టి నూజివీడు అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. మేకా వంశం అప్పారావు జమీందార్ల ఊరు. కోట ఉంది, వాళ్ల పేరు మీద ధర్మా అప్పారావు కాలేజీ ఉంది. వీణలకి బొబ్బిలి తర్వాత చెప్పుకునే పేరు నూజివీడుదే. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక జమీందారీలు పోయాయి, పేర్లు మిగిలాయి. 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, జిల్లానే జరిగింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, బోర్డుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇదంతా వెతికితే దొరుకుతుంది. దొరకనిది ఏంటంటే ఆ రోడ్డు. రాజుగారి కోట గురించి రాసినవాళ్లున్నారు. కోట ముందు రోడ్డు మీద ఎవరు ఏం అమ్మారు, ఎవరు బండి తోలారు, సీజన్‌లో అర్ధరాత్రి లారీలకి ఎవరు లోడెత్తారు, ఇది ఎవరి దగ్గరుంది? డెబ్బై, ఎనభై ఏళ్ల మనుషుల బుర్రల్లో ఉంది. బ్యాకప్ లేదు.

నేను ఆ రోజు కలవడానికి వెళ్లింది ఒక పాత బోర్డు పెయింటర్‌ని. పేరు చెప్పొద్దన్నారు, కాబట్టి బాబాయ్ గారు అనే పిలుస్తాను, అక్కడా అలాగే పిలిచాను. ముప్పై ఏళ్లకి పైగా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బోర్డులు రాశారు. కిరాణా కొట్లు, టైలర్లు, మందుల షాపులు, ఎన్నికలొస్తే గోడలు. మామిడి సీజన్‌లో వేరే పని: కమీషన్ వ్యాపారులకి చెక్క పెట్టెల మీద కొట్టే మార్కులు. రేకులో అక్షరాలు కత్తిరించి, పెట్టె మీద పెట్టి, రంగు అద్దడమే. రేకు ఒకటే, పెట్టెలు వేలు. ఆ పెట్టెలు ఎక్కడో ఉత్తరాది మార్కెట్లలో దిగేవి. "నా చేతిరాత ఢిల్లీ చూసొచ్చింది బాబూ, నేను చూళ్లేదు" అన్నారు. తర్వాత ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి, ఆ పని పోయింది. ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చి మొత్తం పనే పోయింది.

ఫ్లెక్సీ సంగతి మీకు తెలిసిందే. గంటలో ప్రింటు, చవక, మెరుపు. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు, తర్వాత గడువు 2023 జనవరికి జరిపారు. మీ వీధి చివర ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఇప్పుడు కూడా ఉంటుంది, చూసి రండి. నాకు ప్లాస్టిక్ కంటే ఎక్కువ బాధ అక్షరాల గురించి. డీటీపీ షాపుల్లో అందరివీ అవే అను ఫాంట్లు. నూజివీడైనా నరసరావుపేటైనా చెప్పుల షాపు బోర్డు ఒక్కలాగే ఉంటుంది. చేత్తో రాసే రోజుల్లో అలా కాదట. తలకట్టు కొట్టే తీరు చూసి ఏ పెయింటర్ రాశాడో బాబాయ్ గారు చెప్పేస్తారు. "నా తలకట్టు కుడివైపు లేస్తుంది, మైలవరం ఆయనది పడుకుంటుంది." సుద్ద పూసిన దారం రెండు చివర్లా పట్టుకుని లాగి వదిలితే రేకు మీద సన్నటి గీత పడుతుంది. ఆ గీత మీద అక్షరాలు నిలబెట్టాలి. చెయ్యి వణక్కుండా ఒక కర్ర ఆనించుకుని దాని మీద మణికట్టు పెట్టి రాయాలి. పని అయ్యాక కింద మూల చిన్నగా "ఆర్ట్స్" అని సంతకం.

ఇలాంటి అక్షరాలని కాపాడిన మనిషి ఒకాయన ఉన్నారు, హనీఫ్ ఖురేషీ. గుజరాత్ మూలాలున్న డిజైనర్. ఢిల్లీలో వీధి పెయింటర్ల దగ్గరికి వెళ్లి వాళ్ల అక్షరాలని డిజిటల్ ఫాంట్లుగా మార్చి, ఫాంట్లకి ఆ పెయింటర్ల పేర్లే పెట్టారు. లోధీ కాలనీ గోడల వెనక ఉన్న స్టార్ట్ ఇండియా సంస్థ మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. వీళ్లే 2016లో హైదరాబాద్ ఎంఎస్ మక్తాలో ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించారు. నెక్లెస్ రోడ్డు పక్కనే ఉన్న బస్తీ అది. మన దగ్గరి ఆర్టిస్టులు స్వాతి, విజయ్ కూడా అక్కడ గీశారు. 2024లో హనీఫ్ చనిపోయారు. ఆ వార్త చదివాకే నాకు తెలుగు బోర్డు పెయింటర్లని వెతకాలనిపించింది, నిజం చెప్పాలంటే.

సరే, మళ్లీ రోడ్డు మీదకొద్దాం. సాయంత్రం ఎండ తగ్గాక బాబాయ్ గారూ నేనూ నడిచాం. ఒక షాపు దగ్గర ఆగి, ఓనర్‌ని అడిగి, ఫ్లెక్సీ మూల కొంచెం ఎత్తారు. [ఈ షాట్ వీడియోలో 7వ నిమిషం దగ్గరుంది.] కింద రేకు బోర్డు. నీలం మీద పసుపు అక్షరాలు. కింద "కృష్ణా జిల్లా" అని. ఫోన్ నంబర్ రెండంకెలు. పది అంకెలు కాదు, రెండు. పైన ఫ్లెక్సీలో మూడు మొబైల్ నంబర్లు, ఏలూరు జిల్లా. నాకు గూస్‌బంప్స్. ఇది డిలీట్ కాలేదు, మీద ఓవర్‌రైట్ అయిందంతే. రేకు అంచు దగ్గర పెచ్చు లేచిన చోట ఇంకో రంగు కనిపించింది, అంటే దానికింద ఇంకో వెర్షన్ ఉంది. ఎవరూ కమిట్ మెసేజ్ రాయలేదు కానీ హిస్టరీ మొత్తం ఉంది.

అక్కడే నాకు ఐడియా వచ్చింది, ఆ ఐడియాతోనే దెబ్బ కూడా తిన్నాను. ఈ రోడ్డు మీద ఒక గోడ తీసుకుని ఊరి జ్ఞాపకాలతో బొమ్మ వేయిద్దాం అన్నాను. ఏం వేద్దాం అంటే "ఒక పెద్ద మామిడిపండు, కోట, వీణ" అన్నాను. బాబాయ్ గారు నవ్వారు. "దానికి నేనెందుకు నాయనా? ఫ్లెక్సీ వేయించుకో."

కరెక్టే. మామిడిపండు ఊరి లోగో, జ్ఞాపకం కాదు.

ఇక్కడ కొంచెం బయటికెళ్దాం. కెనడాలో వాంకూవర్ ఐలాండ్ మీద చెమైనస్ అనే చిన్న ఊరుంది. కలప కోత మిల్లు మీద బతికిన ఊరు. 1983లో ఆ మిల్లు మూతపడింది. అంతకు ముందు ఏడాదే, 1982లో, ఊరి మెయిన్ రోడ్డు గోడల మీద ఊరి చరిత్ర బొమ్మలు వేయడం మొదలెట్టారు. పాత ఫొటోలు చూసి గీసినవి: దుంగలు లాగే రైలింజను, మిల్లు కూలీలు, పాత కొట్లు. ఇప్పుడు 40కి పైగా బొమ్మలున్నాయి, వాటిని చూడ్డానికే జనం వెళ్తారు. టూరిజం కథగా ఇది బాగా పాపులర్. నాకు నచ్చింది వేరే ముక్క. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, ఆ తీరంలో ఉన్న జపాన్ మూలాల కుటుంబాలన్నిటినీ ప్రభుత్వం ఇళ్లలోంచి లేపి దూరం పంపేసింది. వాళ్లలో చెమైనస్ వాళ్లూ ఉన్నారు. తర్వాత ఊరి గోడల మీద ఆ కుటుంబాల వాళ్ల బొమ్మలూ వచ్చాయి. వెళ్లగొట్టిన ఊరే తన గోడ మీద వాళ్లని పెట్టుకుంది.

పెట్టుకోకపోతే ఏమవుతుందో మనకి దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్. 1986లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తెలుగువాళ్ల చరిత్ర అంటూ వరసగా 33 విగ్రహాలు పెట్టించారు. అన్నీ ఒకే స్టైల్, కింద పేరు, వివరం. నా స్కూల్ ట్రిప్‌లో వాటన్నిటి ముందు ఫొటోలు దిగాం. 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ రోజు, కొన్నిటిని పగలగొట్టి హుస్సేన్ సాగర్లోకి తోసేశారు. అది కరెక్టా తప్పా అని కామెంట్లలో కొట్టుకోకండి, ప్లీజ్. అప్పుడు వినిపించిన ప్రశ్న మాత్రం చూడండి: ఇందులో తెలంగాణవాళ్లు ఎంతమంది? కొమురం భీం ఏడీ? తర్వాత పడిపోయినవాటిని మళ్లీ పెట్టారు, కొమురం భీం విగ్రహం కూడా వచ్చింది. రోడ్డు మీద బొమ్మ పెట్టడం అంటే "ఈ రోడ్డు వీళ్లది" అని చెప్పడం. లిస్టులో లేనివాళ్లకి అది మొదటిరోజే అర్థమవుతుంది, పెట్టినవాళ్లకి పాతికేళ్లు పడుతుంది.

అందుకే మన సెంటర్లలో విగ్రహాల కోసం గొడవలు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి అనుమతివ్వొద్దని రాష్ట్రాలకి చెప్పింది. ట్రాఫిక్ పరంగా న్యాయమే. దీన్ని ఇంకోలా చూస్తే, ఇప్పటిదాకా సెంటర్‌లో చోటు దొరికినవాళ్లకి దొరికింది, దొరకనివాళ్లకి రోడ్డు మధ్యలో ఇక దొరకదు. మిగిలింది గోడలు. గోడకి ఓనర్ ఒప్పుకుంటే చాలు.

సరే, ఏం గీయాలి మరి? బాబాయ్ గారు అన్నారు: "అరుగులు గియ్యి." పాత మెయిన్ రోడ్డులో ప్రతి కొట్టుకీ ముందు అరుగు ఉండేది. మీలో చాలామందికి అరుగు అంటే సినిమా సెట్టులో చూసిందే అయ్యుంటుంది. గోడకి ఆనుకుని రోడ్డు వైపు కట్టిన ఎత్తైన గట్టు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం రాజకీయం, అన్నీ దాని మీదే. రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా ఏ ఊళ్లోనైనా ముందు పోయేది అరుగే, తర్వాత బోర్డు, ఆ తర్వాత ముందుగది. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారో బాబాయ్ గారు కొట్టు కొట్టుకీ చెప్తూ నడిచారు. ఒక అరుగు మీద తోటల బేరాలు. చెట్టుకి పూత మీదుండగానే తోట అమ్మేస్తారు కదా, కాయ నిలుస్తుందో లేదో తెలీకుండానే. మార్చిలో గాలివాన వస్తే కొన్నవాడి పని అయిపోయినట్టే. ఆ బేరం రెండు చేతులు తువ్వాలు కింద కలిపి, వేళ్లు నొక్కి, పైకి మాట లేకుండా తేలేదట. పక్కన కూర్చున్నవాడికి కూడా రేటు తెలీదు. ఎన్‌క్రిప్షన్ అన్నమాట. నేను అన్నీ రికార్డ్ చేసుకున్నాను, మహా సంబరపడిపోయాను. ఇదే బొమ్మ అని ఫిక్స్ అయిపోయాను.

మర్నాడు పొద్దున ఒక పెద్దమ్మని కలిశాను. డెబ్బై దాటి ఉంటాయి. చిన్నప్పట్నించి తోటల్లో కాయలేరడం, తట్టల్లో మోయడం, పెట్టెల్లో గడ్డి పరిచి కాయలు సర్దడం చేసింది. పైపొరకి ఏ కాయ రావాలి, అడుక్కి ఏది పోవాలి, తొడిమ దగ్గర సొన కారితే కాయ మీద మచ్చ ఎలా పడుతుంది, అన్నీ చెప్పింది. రసం కాయని నొక్కి చూడకూడదట, అరచేతిలో పెట్టుకుంటే బరువే చెప్తుందట. అన్నీ విని, నేను ఉత్సాహంగా అరుగుల బొమ్మ సంగతి చెప్పాను.

ఆవిడ కొంచెంసేపు ఏం అనలేదు. తర్వాత, "అరుగు మీద కూచున్నోళ్లని గీస్తావు, బానే ఉంది అబ్బాయ్. మమ్మల్ని ఎక్కనిచ్చేవోళ్లు కాదు. కూలి డబ్బులిచ్చేటప్పుడు కూడా కిందే నిలబడేవోళ్లం" అంది.

కోపంగా అనలేదు. ధర ఎంత అన్నట్టే అంది. నా రికార్డింగ్‌లో అరుగుల గురించి గంటకి పైగా ఉంది, అందులో ఈ ఒక్క మాట లేదు. బాబాయ్ గారు అబద్ధం చెప్పలేదు, ఆయనకి కనిపించింది ఆయన చెప్పారు. ఆయన అరుగు మీద కూర్చునేవారు. నేను కూడా అడగలేదు. అరుగు గుర్తొస్తే నాకు మా తాతయ్య అరుగు గుర్తొస్తుంది, అక్కడ కింద ఎవరు నిలబడేవారో నాకిప్పుడు గుర్తుకు తెచ్చుకోవాలన్నా భయమేసింది.

చాలా "మన ఊరు, మన జ్ఞాపకాలు" టైపు పేజీలు అరుగు మీద నుంచే రాసినవి. నేను చేసిన పాత ఎపిసోడ్లు కూడా రెండు మూడు అంతే. లైకులు బాగా వచ్చాయి వాటికి.

ఆ సాయంత్రం ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాను. ప్లాస్టిక్ కుర్చీలు, టీలు. ఇద్దరికీ ముఖపరిచయం ఉంది, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1984 నుంచి గోడబొమ్మల కార్యక్రమం ఒకటి నడుస్తోంది, గోడల మీద పిచ్చిరాతలు రాసే కుర్రాళ్లకే బ్రష్‌లిచ్చి మొదలుపెట్టారు. అక్కడ గోడ ముట్టుకోక ముందు ఆ వీధివాళ్లతో మీటింగులు పెడతారు, నెలలు పట్టినా సరే. నేను దానికి ప్రాసెస్ అనే పేరు చదివాను. నూజివీడులో దానికి మూడు టీలు, ఒక మనిషి రెండుసార్లు లేచి వెళ్లిపోబోవడం, మళ్లీ కూర్చోవడం.

కొన్ని పనులు తేలాయి. గోడ ఇస్తానన్న ఓనర్ గారు ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారు, ఈ గోడ ఉంటుందో లేదో అన్నారు. అందుకని గోడ మీద కాదు, రేకుల మీద గీస్తారు బాబాయ్ గారు, పాత బోర్డుల్లాగే. గోడ పోతే విప్పి ఇంకోచోట బిగించుకోవచ్చు. పైగా గోడకేసిన రంగు ఎండకీ వానకీ నాలుగైదేళ్లకే పాలిపోతుంది, ఎనామిల్ వేసిన రేకు ఎంతకాలం ఉంటుందో ఆ ఫ్లెక్సీ కింద చూశాం. ఒక్కో రేకుకి ఒక మనిషి చెప్పిన సంగతి, కింద క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే వాళ్ల గొంతు. క్యూఆర్ కోడ్ చేత్తో రాయగలను అని బాబాయ్ గారు పందెం కాశారు. చదరపు గళ్లే కదా అంటున్నారు. టెస్ట్ చేస్తాం.

తేలనిది ఒకటుంది. పెద్దమ్మ రేకు. బాబాయ్ గారు పెన్సిల్‌తో స్కెచ్ వేశారు: అరుగు, మీద మనుషులు, కింద తట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ. ఉన్నది ఉన్నట్టు. నాకు బాగా నచ్చింది, ఫొటో తీసి స్టోరీ కూడా పెట్టబోయాను. ఆవిడ చూసి వద్దంది.

"బతికినన్నాళ్లూ తట్టతోనేనా? బొమ్మలో కూడానా? నన్ను కూచున్నట్టు గియ్యమను. అరుగు మీద."

బాబాయ్ గారు పెన్సిల్ పక్కన పెట్టారు. "అలా గీస్తే అప్పుడు కూచోనిచ్చారని అనుకుంటారు కదమ్మా, చూసినోళ్లు. అబద్ధం అవదూ?"

"అప్పుడు కూచున్నానని ఎవరన్నారు? ఇప్పుడు కూచుంటున్నా."

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. మిగతా రేకులకి ప్రైమర్ కొట్టి ఉంచారు. ఈ ఒక్కటీ ఖాళీగా ఉంది.